నాలుగు పేజీల అర్జీ, మూడు ప్రశ్నల జవాబు

"అమ్మాయ్, కాస్త అర్జీ రాసిపెట్టవూ? నాలుగు నెలల్నుంచి పింఛను రావట్లేదు" అంటూ వచ్చారు మా వీధి చివరింటి పిన్నిగారు. బాగా రాస్తానని మా వీధిలో నాకు కాస్త పేరుంది లెండి. భర్త పోవడం, కొడుకులు పట్టించుకోకపోవడం, ఎండలో ఆఫీసు చుట్టూ తిరగడం, అక్కడి క్లర్కు కసురుకోవడం... ఏదీ వదలకుండా నాలుగు పేజీలు రాశాను. చదివి వినిపిస్తే ఆవిడ ఏడ్చారు. నేనేమో లోలోపల మురిసిపోయాను.

రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. జిరాక్సు కాపీ తీసి చూసుకుంటే సిగ్గేసింది. పింఛను సంగతి మూడో పేజీలో ఎక్కడో ఉంది! ఏ నెల నుంచి ఆగిందో, పింఛను నంబరెంతో అసలు రాయనేలేదు.

ఈసారి కలం పట్టేముందు చిత్తుకాగితం మీద ఒక ప్రశ్న రాసుకున్నాను. 'ఇది చదివినవారు ఏం చెయ్యాలి?' పింఛను ఎందుకు ఆపారో చెప్పాలి. అంతే! 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మూడే అడిగాను. ఏ తేదీ నుంచి ఆపారు? రికార్డులో ఏం కారణం రాశారు? ఆ ఉత్తర్వు కాపీ ఇవ్వండి. చట్టం చెప్పిన 30 రోజుల్లోపే జవాబొచ్చింది. ఆధార్ నంబరులో ఒక అంకె తప్పు పడిందట! దిద్దించాక పింఛను మళ్లీ మొదలైంది.

ఆ చట్టంలో ఇంకో మాట నన్ను ఆలోచనలో పడేసింది. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని 6(2) సెక్షను అంటోంది. మనకేమో ఏదడగాలన్నా ముందు సంజాయిషీ ఇచ్చుకోవడం అలవాటు. నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లాలన్నా పది కారణాలు చెబితేగానీ అసలు మాట పైకి రాదు. ఆ అలవాటే కాగితం మీదకీ వచ్చేస్తుంది.

పిన్నిగారి దుఃఖం చిన్నదని నేననడం లేదు. దాన్ని కథగా రాయొచ్చు, అక్కకి ఉత్తరంగా రాయొచ్చు, డైరీలో రాసుకోవచ్చు. అర్జీలో మాత్రం అది అసలు పనికి అడ్డం పడింది.

స్కూలుకో, బ్యాంకుకో, మున్సిపాలిటీకో రాయాల్సి వస్తే ముందు ఆ ఒక్క ప్రశ్న వేసుకోండి. జవాబు ఒక్క వాక్యంలో రాకపోతే కలం పక్కన పెట్టెయ్యండి. కాసేపాగి రాద్దురుగాని.