హాకీ ఖర్చు ఎవరి నెత్తిన?

పోయిన వేసవి సెలవులలో మా పట్టణం నుంచి పధ్నాలుగేళ్లలోపు పిల్లల హాకీ జట్టును ఒక కోస్తా జిల్లాలో జరిగిన పోటీకి తీసుకువెళ్లాము. గుమాస్తాగా దశాబ్దాలపాటు పద్దులు రాసిన అలవాటు పోక, ఖర్చుల పుస్తకం మా దగ్గరే ఉంచుకున్నాము. పిల్లలు 16 మంది, పెద్దలం ఇద్దరం. రైలులో రానుపోను మనిషికి 900 చొప్పున 16,200 రూపాయలు. ప్రవేశ రుసుము 5,000. నాలుగు రోజుల భోజనానికి, బసకు మనిషికి రోజుకు 250 చొప్పున 18,000. జెర్సీలు, మేజోళ్లు పిల్లవాడికి 850 చొప్పున 13,600. బంతులు, మందుల పెట్టె 2,200. మొత్తం 55,000 రూపాయలు. మూడు మ్యాచ్‌లు ఆడాము, మూడూ ఓడిపోయాము.

ఓటమికి కారణం పిల్లల చేతగానితనం కాదు. వారు పుట్టి బుద్ధెరిగిన తరువాత ఆడినదంతా ఉర్దూ పాఠశాల వెనుక ఉన్న మట్టి నేల మీద. అక్కడ పోటీ జరిగినది నీళ్లు చల్లిన కృత్రిమ పచ్చిక మీద, అంటే టర్ఫ్ మీద. బంతి వచ్చే వేగం వారి కంటికి అందలేదు. మామూలు కాన్వాసు బూట్లు సర్రున జారాయి. టర్ఫ్ మీద నిలిచే బూట్లు జత 2,500 రూపాయలకు తక్కువ లేవు. 16 జతలకు 40,000. అంత సొమ్ము మా దగ్గర లేదు గనుక ఆ పద్దు పుస్తకంలోకి ఎక్కనే లేదు. ఎక్కని పద్దు వల్లనే ఓడిపోయామని తిరుగు ప్రయాణంలో తెలిసివచ్చింది.

ఈ ఆట మనకు కొత్తది కాదు. భోపాల్ గల్లీలలో, హైదరాబాదు పాతబస్తీలో, అలీగఢ్‌లో, బనారస్‌లో ముస్లిం ఇళ్ల పిల్లలు హాకీ కర్ర పట్టుకునే పెరిగిన కాలమొకటి ఉండేది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో భోపాల్ వాసి అహ్మద్ షేర్ ఖాన్ ఉన్నాడు. ఆయన కుమారుడు అస్లం షేర్ ఖాన్ 1975 ప్రపంచ కప్ సెమీ ఫైనల్‌లో మలేషియాపై చేసిన గోలును మా తరంవారు రేడియోలో విని గంతులు వేశారు. 1980 మాస్కో స్వర్ణ జట్టులో బనారస్ కుర్రవాడు మొహమ్మద్ షాహిద్, అలీగఢ్‌లో చదువుకున్న జఫర్ ఇక్బాల్ పక్కపక్కన ఆడారు. అప్పుడు కావలసినదల్లా ఒక మల్బరీ కర్ర, ఒక బంతి, కాస్త చదును నేల. కర్ర విరిగితే వడ్రంగి చేత బిగింపించుకుని, గుడ్డ చుట్టుకుని, మరో ఏడాది ఆడేవారు.

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ హాకీని కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. అంతకు ఏడాది ముందే ప్రపంచ విజేత అయిన భారతదేశం అక్కడ ఏడవ స్థానంలో నిలిచింది. యూరోపు దేశాల కుట్ర అని ఇప్పటికీ వాదించేవారున్నారు. ఆ చర్చ వారికే వదిలిపెడతాము. మాకు సంబంధించిన సంగతి ఒక్కటే. ఆ రోజు నుంచి హాకీకి నేల ధర కట్టవలసి వచ్చింది. ఒక టర్ఫ్ మైదానం పరచడానికి నేడు అయిదు కోట్ల రూపాయలకు పైగా అవుతుంది. ఎనిమిది, పదేళ్లకు దానిని మార్చవలసిందే. ఆటకు ముందు వేల లీటర్ల నీరు చల్లవలసిందే. తాగునీటికి ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే బస్తీ పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు.

నేల మారిన తరువాత కర్ర కూడా మారింది. ఫైబరు, కార్బన్ కలిపి చేసిన కర్రలు వచ్చాయి. నేర్చుకునేవారి కర్ర రెండు మూడు వేలకు దొరుకుతుంది. కార్బన్ పాలు ఎక్కువగా ఉన్న పోటీ కర్ర 15,000 దాటుతుంది. విరిగితే వడ్రంగి చేయగలిగినది ఏమీ లేదు. మా జట్టులో అందరికంటె బాగా బంతిని నడిపించే బాలుడు పంక్చర్ దుకాణం నడిపే తండ్రి కుమారుడు. రెండవ మ్యాచ్‌లో అతని కర్ర చీలిపోయింది. మూడవ మ్యాచ్ అరువు కర్రతో ఆడాడు. ఊరికి వచ్చిన తరువాత మైదానానికి రావడం మానేశాడు. ఇంటికి వెళ్లి అడిగితే, “చాచా, అబ్బా దగ్గర అడగడం బాగుండదు, నేనే మానేశాను” అన్నాడు. తండ్రి అక్కడే ఉన్నాడు. తల వంచుకుని, ట్యూబుకు అతుకు వేస్తూ ఉండిపోయాడు.

గోల్‌కీపరు సంగతి ఇంకా కష్టం. తలకు హెల్మెట్, కాళ్లకు దళసరి ప్యాడ్లు, ఛాతీకి కవచం, చేతులకు ప్రత్యేకమైన గ్లవ్స్. దేశవాళీ సరంజామాకే ముప్పై నలభై వేలు కావాలి. విదేశీ కంపెనీలది లక్ష దాటుతుంది. అది లేనిదే గోల్‌కీపరును ఆటలోకి దించరు. చిత్తూరు జిల్లాలో ఒక వడ్రంగి ఇంట పుట్టిన ఇ. రజని ఇదే గోల్‌కీపరు స్థానంలో నిలిచి రెండు ఒలింపిక్స్ జట్లలోకి వెళ్లింది. ఆమె తల్లిదండ్రులు ఎన్ని కష్టాలు దిగమింగి ఉంటారో ఆలోచించండి. మన ఇళ్లలో ఆడపిల్ల అయితే దీనికి మరో పద్దు కలుస్తుంది. తోడుగా ఒక స్త్రీ రావాలి, ఆమెకూ టిక్కెట్టు, బస. ఆ ఖర్చు చూసి, పరువు మాట అడ్డుపెట్టి, అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టిన తండ్రులు మాకు తెలుసు.

ఇక వ్యాపారం. హాకీలో పై మెట్టున డబ్బు లేదని కాదు. ఏడేళ్ల విరామం తరువాత తిరిగి మొదలైన హాకీ ఇండియా లీగ్‌కు 2024లో వేలం జరిగింది. పురుషుల విభాగంలో ఎనిమిది జట్లు. ఒక్కొక్కటి 4 కోట్ల రూపాయల వరకు ఖర్చు చేయవచ్చునన్నారు. భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకు అమ్ముడయ్యాడు. సంతోషమే. అయితే ఒక్కో జట్టులో 24 మంది. అందులో ఎనిమిది మంది విదేశీయులు. అంటే దేశం మొత్తం మీద ఆ మెట్టు ఎక్కగలిగేది 128 మంది భారతీయులు. హైదరాబాదు పేరుతో తూఫాన్స్ జట్టు బరిలో దిగింది. ఆ తొలి ఏడాది మ్యాచ్‌లన్నీ రూర్కెలా, రాంచీలలోనే జరిగాయి. హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2005లో మొదలైన ప్రీమియర్ హాకీ లీగ్‌లో మన హైదరాబాద్ సుల్తాన్స్ తొలి విజేత. ఆ లీగే 2008 తరువాత మూతపడింది. ప్రాయోజకులు ఉన్నంత కాలమే ఇటువంటి లీగ్‌ల ఆయుష్షు.

పై మెట్టున ఈ మెరుపు కనబడగానే కింద అకాడమీల అంగళ్లు తెరుచుకుంటాయి. నిజాయితీగా నేర్పే కోచ్‌లు లేరని మేము అనము; సొంత జేబునుంచి బంతులు కొనేవారిని చూశాము. కానీ ఒక అకాడమీ నిర్వాహకులు మా పట్టణానికి వచ్చి, రాష్ట్ర ఎంపికలకు పంపిస్తామని నలుగురు పిల్లల తల్లిదండ్రుల వద్ద తలా 12,000 వసూలు చేశారు. ఒక తల్లి కుట్టుమిషను కుదువపెట్టి కట్టింది. పిల్లలకు దక్కినది ఒక ట్రాక్‌సూటు, ఒక సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టుకు ఎంపికల బల్ల దగ్గర విలువ లేదు. రసీదు అడిగిన వారు ఒక్కరూ లేరు. ఏ సంస్థకైనా డబ్బు కట్టే ముందు అది జిల్లా సంఘం ద్వారా రాష్ట్ర సంఘంలో నమోదయినదో లేదో అడగండి, పిల్లవాని పేరు హాకీ ఇండియా రిజిస్ట్రేషనులో ఉందో లేదో చూడండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

ఇంతా చదివి, “మనకు చదువుకే దిక్కులేదు, హాకీ ఎందుకు?” అని అడిగే పెద్దలున్నారు. మస్జిద్ కమిటీలో మమ్ములను అడిగారు కూడా. మా జవాబు ఇది. ఈ దేశంలో హాకీ ఏనాడూ కేవలం ఆట కాదు, ఉద్యోగానికి దారి. రైల్వేలు, పోలీసు, సైన్యం, బ్యాంకులు, విమానయాన సంస్థలు జట్లను పోషించాయి, ఆటగాళ్లకు జీతాలిచ్చాయి. షాహిద్ రైల్వే ఉద్యోగి, జఫర్ ఇక్బాల్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. 2006లో సచార్ కమిటీ లెక్క తీసినప్పుడు రైల్వే ఉద్యోగులలో ముస్లింలు 4.5 శాతం మాత్రమే. అందులోనూ అత్యధికులు కింది మెట్టువారే. క్రీడాకారుల కోటా అనే తలుపు అక్కడ ఇప్పటికీ తెరిచే ఉంది. ఆ తలుపు దాకా వెళ్లే బాటలో 15,000 రూపాయల కర్ర అడ్డం పడుకుని ఉంటే, మన పిల్లలు ఆటను ప్రేమించడం లేదని నిందించడం అన్యాయం.

ఒడిశాను చూడండి. 2018 నుంచి జాతీయ జట్లకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే ప్రాయోజకత్వం వహిస్తున్నది. అంతకంటె గొప్ప సంగతి, సుందర్‌గఢ్ జిల్లాలో బ్లాకు బ్లాకుకూ టర్ఫ్ మైదానం పరచే పని చేపట్టడం, పాన్‌పోష్ క్రీడా హాస్టలులో ఆదివాసీ పిల్లలను ఉంచి నేర్పించడం. కర్ర, బూట్లు, తిండి, ప్రయాణం, వీటి ఖర్చు తల్లిదండ్రుల నెత్తిన పడలేదు. ఆ జిల్లా నుంచి ఒలింపిక్ ఆటగాళ్లు వరుసగా వస్తున్నారంటే ఆశ్చర్యమేమున్నది?

తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలున్నాయి. వీటిలో కనీసం కొన్నింటినైనా హాకీకి కేటాయించి, దగ్గరి టర్ఫ్ మైదానంలో వారానికి రెండు పూటలు ఉచితంగా ఆడుకునే హక్కు వ్రాతపూర్వకంగా ఇవ్వాలని అడుగుదాము. ఆంధ్రప్రదేశ్‌లోని మైనారిటీ పాఠశాలలకూ ఇదే అడుగుదాము. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారునికి ఏడాదికి 6.28 లక్షల విలువైన తోడ్పాటు, అందులో చేతికి 1.20 లక్షలు అందుతున్నాయి. కానీ అది ఎంపికైన తరువాతి మాట. పదేళ్ల వయసు నుంచి ఎంపిక దాకా నాలుగైదేళ్లు ఎవరు పోషించాలన్నదే మా ప్రశ్న. వినతిపత్రంలో ఆ నాలుగైదేళ్లనే నొక్కి రాయాలి. మైదానం కావాలని మాత్రమే రాస్తే శంకుస్థాపన చేసి వెళ్లిపోతారు.

ప్రభుత్వం వచ్చేదాకా మనం చేతులు ముడుచుకోనక్కరలేదు. జకాత్‌కు షరీఅత్ నిర్ణయించిన హక్కుదారులున్నారు. దాని జోలికి వెళ్లమని మేము చెప్పడం లేదు. సదఖా ఉంది, పెళ్లిళ్లలో బాణసంచాకు, రెండవ రకం బిర్యానీకి పోసే డబ్బు ఉంది. మా పట్టణంలో మస్జిద్ కమిటీవారిని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. ఒక హాజీ సాబ్ కుమారుని వలీమాలో మిఠాయి ఒక రకం తగ్గించి 22,000 ఇచ్చారు. దానితో పాతదే అయినా మంచి గోల్‌కీపరు సరంజామా కొన్నాము. కమిటీ గదిలోని ఇనుప పెట్టెలో ఉంచి, రిజిస్టరులో సంతకం చేసిన పిల్లవానికి ఇస్తున్నాము. అదే పద్ధతిలో బూట్లు ఆరు జతలు, కర్రలు నాలుగు చేరాయి. కాలు పెరిగిన పిల్లవాడు బూట్లు తిరిగి పెట్టెలో వేయాలి.

నాలుగు కర్రలలో ఒకటి పంక్చర్ దుకాణం అబ్బాయి పేరున రాసి ఉంది. అతను తీసుకువెళ్లాడు, సాయంత్రాలు అస్ర్ నమాజు తరువాత మైదానానికి వస్తున్నాడు. డిసెంబరు పోటీకి మళ్లీ 55,000 కావాలి. ఇప్పటికి 31,000 వచ్చింది. జమాఖర్చుల కాగితం ప్రతి జుమా నాడు మస్జిద్ నోటీసు బోర్డు మీద అంటిస్తున్నాము.