డీజేకి పైసలున్నాయి, ఖవ్వాల్‌కి లేవా?

హైటెక్ సిటీలో నౌకరీ చేసే నా భాంజా మొన్న ఫోన్‌లో నోవర్ అనే అమెరికా జోడీని చూపించాడు. లూయిస్ కోల్ డ్రమ్స్, జెనెవీవ్ ఆర్టాడీ పాట. జాజ్, ఫంక్, ఎలక్ట్రానిక్ అన్నీ కలిపిన మోత. 2023లో ఆల్బమ్ తెచ్చి మళ్లీ లైవ్ టూర్లకు బయల్దేరారు. "మామూ, దీన్ని ఎదురుగా కూర్చుని వినాలి" అన్నాడు. సచ్ బాత్. ఎదుట జనం ఉంటేనే పాటకు జాన్.

"మన షహర్‌లోనూ ఓ జోడీ ఉంది బేటా" అన్నాను. నజీర్, నసీర్ వార్సీ సోదరులు. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మనవలు. ఖవ్వాలీలో ఒక మిస్రాను ఎన్నిసార్లు తిప్పి పాడాలో ముందున్న మెహఫిలే చెబుతుంది. వాడు ఒక్కసారీ అలా కూర్చుని వినలేదట.

కసూర్ వాడిది కాదు. వాడి ఆపా షాదీకి గచ్చిబౌలి ఫంక్షన్ హాల్లో డీజేని మాట్లాడింది నేనే. ఖవ్వాల్ పార్టీ అంటే ఖర్చన్నాను. డీజేకి మాత్రం బేరమే ఆడలేదు.

సంగీతం జాయజా, కాదా అనే బహస్ మన ఇళ్లలో ఉంది. వద్దనుకునేవాళ్ల మాటకు ఇజ్జత్ ఇస్తాను. కానీ డీజే పెట్టుకున్న ఇంట్లో ఆ బహానా చెల్లదు.

వచ్చే వలీమాకి ఒక్క గంట ఖవ్వాలీ పెట్టించండి. మనం పిలవకపోతే వాళ్ల పిల్లలు హార్మోనియం మూసేసి వేరే నౌకరీ వెతుక్కుంటారు. అప్పుడు మనకి ఫోనే మిగులుతుంది.