దక్షిణ గంగోత్రి కొలత ఆగకూడదు

ఫరీదాబాద్ అనగానే ట్రాక్టర్ల కర్మాగారాలు, బదర్‌పుర్ సరిహద్దు దగ్గర ఆగిపోయే ట్రాఫిక్ గుర్తొస్తాయి. దేశ రాజధాని ప్రాంతంలోని ఈ పారిశ్రామిక పట్టణానికి అంటార్కిటికాతో ఉన్న బంధం చాలామందికి తెలియదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, తన ధ్రువ అధ్యయన విభాగాన్ని ఇక్కడే నడుపుతోంది. దక్షిణ ధ్రువానికి వేసవి వచ్చినప్పుడు జీఎస్ఐ శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్లి ఒక చిన్న హిమానీనదం అంచు నిరుడు ఎక్కడుంది, ఈ ఏడు ఎక్కడుంది అని కొలిచి వస్తారు. ఆ హిమానీనదం పేరు దక్షిణ గంగోత్రి. 1983లో మొదలైన కొలత ఇది. మన శాస్త్ర పరిశోధనలో ఇంత ఓర్పుగా, ఇంత నిశ్శబ్దంగా సాగిన పనులు తక్కువ. ఈ పని విలువ ఢిల్లీలో నిధులు పంచేవారికి ఎంతవరకు తెలుసన్నదే నా బెంగ.

అంటార్కిటికాను కప్పిన మంచు పలక సగటు మందం రెండు కిలోమీటర్లకు దాదాపు సమానం. అది కదలకుండా పడి ఉండదు. తన బరువుకు తానే కుంగుతూ నడిమి ఎత్తుల నుంచి తీరం వైపు జరుగుతుంది. దారిలో పర్వతాలు అడ్డొస్తే వాటి సందుల్లోంచి దూరి బయటపడుతుంది. అలా రాతి గట్ల మధ్య నుంచి వెలుపలికి వచ్చే మంచు ప్రవాహాన్ని అవుట్‌లెట్ గ్లేసియర్ అంటారు. మంచు పలక చెరువైతే ఇది దాని తూము. చెరువులో ఎంత నీరుందో తెలిస్తే చాలదు, తూము ఎంత తెరుచుకుందో తెలియాలి. తూర్పు అంటార్కిటికాలోని టాటెన్ హిమానీనదం ద్వారా సముద్రంలోకి చేరగల మంచు మొత్తం కరిగితే ప్రపంచ సముద్ర మట్టం 3 మీటర్లకు పైగా పెరుగుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పే లాంబర్ట్ హిమానీనదం కూడా ఈ కోవలోదే.

వీటి పక్కన దక్షిణ గంగోత్రి చాలా చిన్నది. దాని విలువ పరిమాణంలో లేదు, ఉన్న చోటులో ఉంది.

క్వీన్ మాడ్ ల్యాండ్‌లో సముద్రపు అంచు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు లోపలికి వెళ్తే షిర్మాకర్ ఒయాసిస్ వస్తుంది. 1938-39 జర్మన్ యాత్రలో విమానం నడిపిన షిర్మాకర్ దీన్ని పైనుంచి చూశాడు. ఆయన పేరే స్థిరపడింది. తూర్పు పడమరలుగా సుమారు 20 కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్లు మించని వెడల్పు, మొత్తం 35 చదరపు కిలోమీటర్ల బోడి రాతి నేల. దక్షిణాన మంచు పలక గోడలా లేచి ఉంటుంది. ఉత్తరాన సముద్రం మీద తేలే మంచు అర పరుచుకుని ఉంటుంది. నడుమ ఈ గుట్టలు, వాటి పల్లాల్లో వందకు పైగా సరస్సులు. కొన్ని సరస్సులు హిమానీనదం అంచునే ఉండి దాని కరుగు నీటితో నిండుతాయి. కొన్ని రాళ్ల మధ్య విడిగా ఉంటాయి. ఉత్తరపు అంచున ఉన్న కొన్నింటికి మంచు అర కింద నుంచి సముద్రంతో సంబంధం ఉంది, ఆటుపోట్లకు వాటి నీటిమట్టం కూడా పెరిగి తరుగుతుంది. మన మైత్రి పరిశోధన కేంద్రం ఉన్నది ప్రియదర్శిని సరస్సు ఒడ్డున. అక్కడివారు తాగే నీరు ఆ సరస్సుదే. కొద్ది కిలోమీటర్ల దూరంలో 1961 నుంచి రష్యన్ల నోవోలాజరెవ్‌స్కాయా కేంద్రం ఉంది. మంచు పలక మీది నుంచి జారి వచ్చే బరువైన చలిగాలి ఆగ్నేయం నుంచి ఈ గుట్టలను కోస్తూ పోతుంది. చెట్టు అన్నది లేదు. రాళ్ల పగుళ్లలో నాచు, లైకెన్లు. వేసవిలో స్కువా పక్షులు.

తెలుగువారు ఆగి చూడవలసింది అక్కడి రాళ్లను. విశాఖలో కైలాసగిరి, సింహాచలం కొండలు ఏ ఖోండలైట్ రాతితో కట్టినవో, షిర్మాకర్ గుట్టల్లోనూ ఆ జాతి శిలలు, చార్నొకైట్లు కనిపిస్తాయి. గోండ్వానా ఖండం చీలక ముందు మన తూర్పు కనుమలు, తూర్పు అంటార్కిటికా తీరం ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. 2012లో మొదలైన మన మూడో కేంద్రం భారతికి లార్స్‌మన్ కొండల్లో చోటు ఎంచుకున్నప్పుడు ఈ పాత సంబంధం కూడా లెక్కలోకి వచ్చింది. అనకాపల్లి దాటి అరకు వెళ్లే దారిలో రాయి పగలగొట్టి చూపించే భూగర్భశాస్త్రం మాస్టారికి అంటార్కిటికా ఎక్కడో పరాయి నేల కాదు.

ఈ ఒయాసిస్‌లోకి దక్షిణం నుంచి నాలుక చాచినట్టు దిగి, నేల మీదే ఆగిపోయే మంచు దక్షిణ గంగోత్రి. ఆ ఆగిపోవడమే అసలు సంగతి. అంటార్కిటికాలో పెద్ద హిమానీనదాలు ఎక్కువగా సముద్రంలోకి దిగుతాయి. అక్కడ అడుగున వెచ్చటి నీరు మంచును తొలుస్తుంది, ముందు భాగం ముక్కలై విరుగుతుంది. అంచు వెనక్కి పోయిందంటే కారణం గాలా, నీరా, విరిగిపడటమా తేల్చడం కష్టం. దక్షిణ గంగోత్రికి సముద్రం తగలదు. దాని అంచులో మార్పు వచ్చిందంటే ఎండ, గాలి, హిమపాతం, పైనుంచి వచ్చే మంచు రాక, వీటి లెక్కలోనే జవాబు వెతకవచ్చు. నడిచి వెళ్లి, రాతి మీద పెట్టిన గుర్తుల నుంచి దూరం కొలవవచ్చు. జీఎస్ఐ చేస్తున్నది ఇదే. తేలిందేమిటంటే, ఆ అంచు ఏడాదికి సగటున మీటరు కన్నా తక్కువే వెనక్కి తగ్గుతోంది.

ఇంత తక్కువ మార్పు కోసం అంత దూరం వెళ్లాలా అని అడిగేవారుంటారు. హిమాలయ గంగోత్రిని పక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. 1935లో జీఎస్ఐకి చెందిన జె.బి. ఆడెన్ గోముఖ్ దగ్గర మంచు అంచును పటంలో గీశారు. ఆ పటం ఆధారంగా తర్వాతి ఆరు దశాబ్దాల లెక్క తీస్తే ఆ అంచు ఏడాదికి సుమారు 19 మీటర్ల చొప్పున వెనక్కి పోయింది. ఆ తర్వాత వేగం కొంత తగ్గింది. పెరిగిందని, తగ్గిందని ఇవాళ వాదించగలుగుతున్నామంటే 1935లో ఒకరు కొండెక్కి గీత గీసి ఉంచారు కాబట్టే. గోముఖ్ నుంచి బయలుదేరిన భాగీరథి టెహ్రీ దాటి, అలకనందతో కలిసి గంగగా మారి, హరిద్వార్ దగ్గర ఎగువ గంగ కాలువలోకి మళ్లి, మురాద్‌నగర్ మీదుగా సోనియా విహార్ నీటిశుద్ధి కేంద్రానికి చేరుతుంది. తూర్పు, దక్షిణ ఢిల్లీలో లక్షల ఇళ్ల కుళాయిల్లో వచ్చేది ఆ నీరే. హిమానీనదం లెక్క రాజధానికి దూరపు విషయం కాదు.

ఉపగ్రహాలుండగా మనుషులెందుకు అన్నది రెండో ప్రశ్న. ఇందులో పస ఉంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటును రాడార్‌తో చూసి మంచు కదలికను సెంటీమీటర్ల స్థాయిలో పట్టగలదు. అంటార్కిటికాను బాగా చూడటానికే దాని దృష్టిని దక్షిణం వైపు తిప్పి పెట్టారు. భారతి కేంద్రంలో 2013 నుంచి పనిచేస్తున్న ఇస్రో గ్రౌండ్ స్టేషన్ ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుని హైదరాబాద్ శివార్లలోని షాద్‌నగర్‌కు పంపుతోంది. ఇవన్నీ గర్వించదగ్గవి. కానీ అందరికీ ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాల్లో మెరుగైన వాటిలోనూ ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. ఏడాదికి మీటరు లోపు జరిగే అంచు ఆ చిత్రంలో ఒక్క చుక్క మారాలంటే పదేళ్లు దాటాలి. ఇంకా సూక్ష్మంగా చూపే చిత్రాలున్నాయి, వాటిలో కొత్తగా పడిన హిమాన్ని, పాత మంచును, నీడను వేరుచేసి ఇదే అంచు అని ఖాయం చేయాలంటే నేల మీద నిలబడి చూసినవారి లెక్క కావాలి. నైసార్ వచ్చాక నేల కొలతల అవసరం తగ్గదు, పెరుగుతుంది.

మంచు అంచు ఒక్కటే కాదు, దాని చుట్టుపక్కల నేలను గమనించడం ఎంత ముఖ్యమో రెండు ఘటనలు చెబుతాయి. భారతి కేంద్రానికి కొద్ది దూరంలో, లార్స్‌మన్ కొండల తూర్పున డాల్క్ అనే అవుట్‌లెట్ గ్లేసియర్ ఉంది. 2017 జనవరి చివరలో రష్యన్ల ప్రోగ్రెస్ కేంద్రం దగ్గర దాని పైభాగం ఒక్కసారిగా కుంగి, దాదాపు 200 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల లోతు గొయ్యి పడింది. పక్కనున్న సరస్సు నీరు మంచు లోపలికి దారి చేసుకుని పారడమే కారణం. రాకపోకల బాట అక్కడిదే. నిలకడైన మంచు అనుకున్న చోట అంతా తలకిందులైంది. ఇక 2023 అక్టోబరు మొదటి వారంలో సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సు తెగింది. హిమానీనదం వెనక్కి తగ్గుతున్న కొద్దీ పెరిగిన సరస్సది. ఆ వరద తీస్తా లోయను ఊడ్చేసింది, చుంగ్‌థాంగ్ దగ్గర 1200 మెగావాట్ల ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోయింది. ఎందరో చనిపోయారు. ఆ సరస్సు ప్రమాదకరమని శాస్త్రజ్ఞులు ఏళ్ల ముందే రాశారు. రాసింది చదివి కదలవలసిన చోట కదలిక లేకపోయింది.

ఎందుకు లేదన్నదానికి ఢిల్లీ పటమే జవాబు చెబుతుంది. అంటార్కిటికా యాత్రలు లోధీ రోడ్డులోని పృథ్వీ భవన్ నుంచి, భూశాస్త్ర మంత్రిత్వ శాఖ కింద నడుస్తాయి. వాటిని నిర్వహించే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం గోవాలో ఉంది. అంచు కొలిచే జీఎస్ఐ గనుల శాఖ కింద ఉంది. హిమాలయ సరస్సులను చూసే కేంద్ర జల సంఘం జలశక్తి శాఖది. డెహ్రాడూన్‌లోని వాడియా సంస్థ శాస్త్ర, సాంకేతిక శాఖది. 2023 మార్చిలో, అంటే సిక్కిం వరదకు ఆరు నెలల ముందు, పార్లమెంటు జలవనరుల స్థాయీ సంఘం హిమానీనదాల నిర్వహణపై నివేదిక ఇస్తూ ఈ చెల్లాచెదురు పనిని ఒక నోడల్ సంస్థ కిందికి తేవాలని సిఫారసు చేసింది. హిమాలయాల్లో మన దేశపు పట్టికలో 9,575 హిమానీనదాలున్నాయి. వాటిలో దక్షిణ గంగోత్రిలాగా ఏటా, దశాబ్దాల పాటు, నేల మీద నిలబడి కొలిచినవి కొన్నే. చలి, 10 వేల కిలోమీటర్ల దూరం అడ్డొచ్చినా అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాలేదు? నాకు తోచిన కారణం ఒకటే. అంటార్కిటికా యాత్ర ఏటా తప్పక వెళ్తుంది, దానితో పాటు కొలత కూడా జరిగిపోతుంది. హిమాలయాల్లో పరిశోధన మూడేళ్ల, అయిదేళ్ల ప్రాజెక్టులుగా వస్తుంది. ప్రాజెక్టు ముగియగానే గుర్తులు రాళ్ల మీద మిగిలిపోతాయి, చూసేవారుండరు.

కోస్తా ఆంధ్రలో ఉన్నవారికి ఈ విషయంలో మరో నేరుగా తగిలే కారణం ఉంది. భారీ మంచు పలక తన ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రపు నీటిని తన వైపు లాక్కుని ఉంచుతుంది. మంచు తరిగితే ఆ పట్టు సడలి, నీరు దూరపు తీరాలకు సర్దుకుంటుంది. అందువల్ల అంటార్కిటికాలో కరిగిన మంచు పెంచే మట్టం అక్కడికన్నా ఉత్తరాన, భూమధ్యరేఖ చుట్టుపక్కల సముద్రాల్లో ఎక్కువగా కనబడుతుంది. ఉప్పాడలో కోతకు గురవుతున్న ఊరు, కోనసీమలో ఉప్పుతేలుతున్న పొలం, నైసార్‌ను పంపిన శ్రీహరికోట దీవి కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఉప్పాడ కోతకు స్థానిక కారణాలు అనేకం, మొత్తం నెపం ధ్రువాల మీద వేయడం తప్పు. కానీ రాబోయే 50 ఏళ్లకు తీరరక్షణ కట్టేటప్పుడు సముద్రం ఎంత పెరుగుతుందని లెక్కించే ఇంజినీరుకు అంటార్కిటికా తూముల సమాచారం కావాలి.

ఇప్పుడు మైత్రి కేంద్రం ముసలిదైంది. 1989లో పదేళ్ల కోసం కట్టింది, మూడున్నర దశాబ్దాలు దాటినా నడుస్తోంది. అంతకుముందు 1983-84లో తేలే మంచు అర మీద కట్టిన దక్షిణ గంగోత్రి కేంద్రం మంచులో కూరుకుపోయి 1990లో మూతపడింది. మైత్రి-2 కట్టాలని కేంద్రం నిర్ణయించడం సరైనదే. కొత్త భవనానికి డబ్బు, ఓడలో చోటు, మనుషులు కావాలి. అలాంటప్పుడు ముందుగా కోత పడేది ఆకర్షణ లేని పాత కొలతలకే. ఒక్క ఏడు తప్పితే ఆ ఏటి అంచు ఎక్కడుందో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఎంత డబ్బు పెట్టినా తిరిగిరాని అంకె అది.

భూశాస్త్ర, గనుల శాఖలు చేయవలసినవి పెద్దవి కావు. మైత్రి-2 ఖర్చుతో ముడిపెట్టకుండా దక్షిణ గంగోత్రి కొలతకు విడిగా, ఏళ్ల తరబడి నిధి కేటాయించాలి. 1983 నుంచి ఉన్న అంకెలను, హిమాలయ గంగోత్రి అంకెలను పక్కపక్కన పెట్టి, ఏటా ఒకే పట్టికగా ప్రజలకు అందుబాటులో ఉంచాలి. పార్లమెంటు సంఘం చెప్పిన నోడల్ సంస్థను ఏర్పాటు చేసి, ప్రతి హిమాలయ రాష్ట్రంలో కనీసం కొన్ని హిమానీనదాలను, వాటి కిందనున్న సరస్సులను ప్రాజెక్టు గడువులతో పనిలేని శాశ్వత కొలత కిందికి తేవాలి. తదుపరి బడ్జెట్ పద్దుల చర్చలో మన తెలుగు ఎంపీలు ఈ మూడూ అడగాలి.