గుండె పేరు చెప్పి గ్లాసు పట్టకండి

‘రెడ్ వైన్ గుండెకు మంచిదంట కదా సార్?’ కొత్తగూడెంలో ఈ ప్రశ్న ఇప్పుడు తరచూ వింటున్నాను. విదేశాల్లోని పిల్లలు తెచ్చిన స్పెయిన్ సీసా ఆదివారం కోడికూర పక్కన చేరుతోంది. ఇప్పసారా తాగేవారిని తప్పుపట్టే మనమే దీన్ని మందులా చూస్తున్నాం. రెండింటిలోనూ ఉన్నది ఆల్కహాలే. 150 మిల్లీలీటర్ల వైన్‌లో సుమారు 15 గ్రాములుంటుంది.

మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇన్సులిన్, కొన్నిరకాల షుగర్ మాత్రలు వాడేవారికి చక్కెర పడిపోయే ప్రమాదం అదనం.

స్పెయిన్ వారి నుంచి నేర్చుకోవాల్సింది కూరగాయలు, పప్పులు, చేపలు తినడం. ఇంటిల్లిపాదీ తీరిగ్గా కలిసి కూర్చోవడం. తాగాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ అలవాటు లేనివారు గుండె కోసమంటూ మొదలుపెట్టొద్దు.