మీటలపై నిలిచిన విద్య

విద్యార్థి తాను నేర్చిన మార్గమును విడిచి వేరొక మార్గమును పట్టినప్పుడు, గురువు పడిన శ్రమ వ్యర్థమైనదని తలంచుట లోకమున పరిపాటి. సంగీతమున ఈ తలంపు మరింత బలముగా నున్నది. శాస్త్రీయ సంగీతము నభ్యసించిన బాలుడు జనరంజకమైన పాటవైపు మరలినచో, వాడు చెడిపోయెనని పెద్దలు నిట్టూర్చెదరు. ఈ తీర్పు న్యాయమైనదా? 2022 నవంబరు 30న తన 79 ఏండ్ల వయస్సున దివంగతురాలైన ఆంగ్ల గాయని, పియానో వాద్యకారిణి క్రిస్టీన్ మెక్‌వీ చరిత్రను పరిశీలించినచో, ఈ విషయమును మరల ఆలోచింపవలసియున్నదని తోచును.

ఆమె 1943 జూలై 12న ఇంగ్లండులోని లాంకషైరున ఒక పల్లెలో జన్మించి, బర్మింగ్‌హామ్ నగర సమీపమున పెరిగెను. తండ్రి సిరిల్ పర్ఫెక్ట్ వయొలిన్ విద్వాంసుడు, కళాశాలలో సంగీత బోధకుడు. 11 ఏండ్ల ప్రాయమున క్రిస్టీన్ పియానో సాధన శ్రద్ధగా నారంభించెను. 15 ఏండ్లు వచ్చువరకు ఆమె అభ్యసించినది యూరపు శాస్త్రీయ సంగీతమే. అంతలో అన్నగారిదగు పాటల పుస్తక మొకటి ఆమె చేతికి చిక్కెను. అది న్యూ ఆర్లియన్స్ నగరమునకు చెందిన నల్లజాతి గాయకుడు ఫ్యాట్స్ డామినో పాటలకు స్వరలిపి. ఆ బాణీలో ఎడమచేయి ఒకే నడకను విడువక నడపుచుండగా, కుడిచేయి గాత్రమునకు బదులు పలుకుచుండును. క్రిస్టీన్ మనస్సు ఆ నడకకు లోబడిపోయెను.

ఇచ్చట గమనింపదగిన అంశ మొకటి కలదు. ఆమె చేతికి చిక్కినది పుస్తకము. స్వరలిపి చదువ నేర్వనివారికి అది వట్టి కాగితముల కట్ట. ఏ శాస్త్రీయ శిక్షణను ఆమె విడిచిపోయెనని లోక మనుకొనునో, ఆ శిక్షణయే ఆమెకు క్రొత్త త్రోవ తలుపు తెరచినది.

పిమ్మట ఆమె చిత్రకళాధ్యాపకురాలు కావలెనను తలంపుతో బర్మింగ్‌హామ్‌లోని కళాశాలలో శిల్పవిద్య నభ్యసించెను. లండనులో ఒక పెద్ద దుకాణమున అద్దాల కిటికీల నలంకరించు ఉద్యోగము కొంతకాలము చేసెను. 1967లో ‘చికెన్ షాక్’ అను బ్లూస్ బృందమున చేరెను. 1969లో ‘మెలోడీ మేకర్’ పత్రిక పాఠకులు ఆమెను ఉత్తమ గాయనిగా ఎన్నుకొనిరి. 1970లో, తన భర్త జాన్ మెక్‌వీ బేస్ గిటారు వాయించుచున్న ‘ఫ్లీట్‌వుడ్ మాక్’ బృందమున ఆమెయు సభ్యురాలయ్యెను.

1977లో వెలువడిన ‘రూమర్స్’ ఆ బృందమునకు జగత్ప్రసిద్ధి తెచ్చినది. అది 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను. 1978లో ఆ యేటి ఉత్తమ ఆల్బముగా గ్రామీ బహుమానము పొందెను. కాని దానిని కూర్చుచున్న దినములలోనే క్రిస్టీన్, జాన్ దంపతులు విడిపోయిరి. గతమును విడిచి రేపటివైపు చూడుమని చెప్పు ‘డోంట్ స్టాప్’ గీతమును ఆమె అప్పుడే రచించెను. ఆ గీతమునకు బేస్ గిటారు వాయించినవాడు జానే! గృహమున తెగిన బంధము వేదికపై తాళమును తప్పింపలేదు. 1992లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన బిల్ క్లింటన్ ఆ పాటనే తన ప్రచారగీతముగా స్వీకరించెను.

ఆ ఆల్బములోనిదే ‘సాంగ్‌బర్డ్’. ఒకనాటి రాత్రి అది ఆమెకు స్ఫురించెను. ధ్వనిముద్రణ యంత్రము దగ్గర లేకపోవుటచే, మరచిపోదునేమో యను భయముతో ఆ పాటను మరల మరల వాయించుచు ఆమె తెల్లవారువరకు మేలుకొనియుండెను. 1976లో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు నాటకశాలలో, శ్రోతలు లేని ఆ విశాల మందిరమున, దానిని ముద్రించిరి. అందు డోలు మ్రోతలు లేవు. పియానో, గాత్రము, వాని వెనుక మెల్లగా గిటారు – అంతియే. బాల్యమున పట్టుబడిన వ్రేళ్ల నిగ్రహ మెచటికి పోయినదని ప్రశ్నించువారు ఈ పాట వినవలెను.

ఇంతమాత్రమున శాస్త్రీయ సంగీతపు దయచేతనే జనసంగీతము బ్రతుకుచున్నదని భావింపరాదు. ఫ్యాట్స్ డామినోకును గురువు కలడు. అతడు పియానో నేర్చినది తన బావగారి వద్ద. క్రిస్టీన్ ఆ బాణీని ఆటవిడుపుగా తలపలేదు. మొదటి విద్యయందు చూపిన శ్రద్ధనే రెండవదానియందును చూపెను. మార్గము మారినది గాని అభ్యాసము మానలేదు.

1998లో ఆమె బృందమును వీడి, కెంట్ ప్రాంతమున పల్లెటి జీవితమును కోరుకొనెను. విమాన ప్రయాణ మనిన ఆమెకు మిక్కిలి భయము. పదునైదేండ్లకు పైగా గడచిన పిదప, చికిత్సతో ఆ భయమును జయించి, 2014లో, 70 ఏండ్లు దాటిన వయస్సున, మరల బృందమున చేరి వేదిక నెక్కెను.

క్రిస్టీన్ చిత్రకళాధ్యాపకురాలు కాలేదు. తండ్రివలె శాస్త్రీయ విద్వాంసురాలును కాలేదు. అయినను ఆమెకు పియానో నేర్పినవారి శ్రమ వృథాయైనదని ఎవ్వరును చెప్పజాలరు. మన పాఠశాలలలో త్యాగరాజకృతి నేర్చిన బాలిక సినిమాపాట పాడినచో, ఏ పాట పాడుచున్నదని కోపగించుటకు ముందు, శ్రుతి తప్పక పాడుచున్నదా యని ఉపాధ్యాయులు విచారించుట మేలు. విద్యార్థులకును ఒక మాట: నచ్చిన త్రోవను వెదకికొను స్వేచ్ఛ వారికి కలదు, నేడు కూర్చున్న పాఠమును సగములో విడుచుటకు ఆ స్వేచ్ఛ సాకు కారాదు. క్రిస్టీన్‌కు ఆ పుస్తకము చిక్కినది పదునైదవ యేట. దానిని చదువుటకు వలసిన విద్య అంతకు ముందే ఆమె చేతికి వచ్చియుండెను.