ఆ ప్లేటు ఎవరింట్లో ఉందో

పెక్కా స్ట్రెంగ్ అనే ఫిన్లండ్ పాటగాడు 1975లో పోయాడు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. బతికుండగా వచ్చినవి రెండే రెండు ఎల్పీ రికార్డులు. 1970లో వచ్చిన మొదటిదాని పేరుకు ‘అయస్కాంత మనిషి మరణం’ అని అర్థం. అందులో వాయిద్యాలు వాయించింది తాసవల్లాన్ ప్రెసిదెంత్తి అనే బృందం. ఆ రోజుల్లోనే విగ్వామ్, హైకారా వంటి బృందాలూ అక్కడ రాక్ సంగీతాన్ని మామూలు పాట కొలతలోంచి బయటికి లాగాయి. ఆర్గాన్, వేణువు, శాక్సోఫోన్ కలగలిపి ఒక్కో పాటను పది పన్నెండు నిమిషాలు నడిపించాయి. ప్రోగ్రెసివ్ అనీ సైకెడెలిక్ అనీ వాటికి పేర్లు పెట్టారు. ఇలాంటివి ఎన్నో తెచ్చిన లవ్ రికార్డ్స్ కంపెనీ 1966లో పుట్టి 1979లో దివాలా తీసింది. కొద్ది కాపీలే వేసిన ఆ నాటి ప్లేట్లకు ఇప్పుడు సేకర్తల మధ్య పోటీ. అట్ట నలగని ప్లేటు దొరికితే, చెప్పిన రేటు ఇచ్చి పట్టుకుపోతారు.

రేటు సంగతి అటుంచుదాం. పాత వస్తువుకు వెర్రి ధర పలకడం ఎక్కడైనా ఉన్నదే. ఫిన్లండ్‌ను చూసి అసూయపడాల్సిన విషయం వేరే ఉంది. ఆ దేశ జనాభా దాదాపు 56 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి కడప జిల్లాది 28.8 లక్షలు. అంటే మన జిల్లాకు రెండింతలైనా లేని దేశం. అక్కడ 1965లోనే రికార్డుల కోసం ఒక సంస్థ పెట్టుకుని, 1901 నుంచి తమ దేశంలో వెలువడిన ప్లేట్లన్నిటికీ జాబితా కట్టడం మొదలుపెట్టారు. 1981 నుంచి కొత్తగా వచ్చే ప్రతి రికార్డు కాపీ జాతీయ గ్రంథాలయానికి చేరాల్సిందేనని చట్టం కూడా ఉంది. స్ట్రెంగ్ ప్లేటు అరుదైనదని అందరికీ తెలిసింది అందువల్లనే. ఎన్ని ఉండేవో తెలిస్తేనే కదా, ఎన్ని పోయాయో తెలిసేది.

మనకూ 1954 నాటి చట్టం ఒకటి ఉంది. అచ్చయిన ప్రతి పుస్తకం దేశంలో నాలుగు పెద్ద గ్రంథాలయాలకు పంపాలంటుంది. రెండేళ్లకు పత్రికలనూ అందులో చేర్చారు. పాడిన పాట, చదివిన పద్యం, చెప్పిన హరికథ ఆ చట్టం కంటికి ఆనలేదు. ప్రొద్దుటూరులో అచ్చేసిన ఇరవై పేజీల శతకానికి ఉన్న రక్షణ, లక్షల మంది విన్న ప్లేటుకు లేకపోయింది.

ఈ మాట కడప జిల్లాలో మరీ గట్టిగా చెప్పుకోవాలి. పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలం సురభి గ్రామంలో 1885లో తోలుబొమ్మలాట కుటుంబాల వాళ్లు బొమ్మలు పక్కనబెట్టి తామే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడారు. వనారస గోవిందరావు నడిపిన ఆ సమాజం ఊరి పేరునే పెట్టుకుని ఆంధ్రదేశమంతా తిరిగింది. ఆ కుటుంబాల్లోంచే వచ్చిన సురభి కమలాబాయి, 1932లో విడుదలైన మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో కథానాయిక. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ తీశారు. సాలూరి రాజేశ్వరరావు స్వరాలతో 1951లో వచ్చిన ఆ పాటలు జనానికి చేరింది నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్ల మీదనే. సింహాద్రిపురం పద్మనాభం నాటకాల పద్యాలు పాడుకుంటూ పెరిగి, హాస్యనటుడై, నిర్మాతగా మారి ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ తీశారు. 1966 డిసెంబరు 15న ఆ సినిమా కోసమే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదటిసారి మైకు ముందు నిలబడ్డారు. పేరున్నవాళ్లు కాబట్టి వీళ్లందరి లెక్కా మనకు దొరుకుతోంది. వాళ్ల పక్కన హార్మోనియం వాయించినవాళ్లు, ఒకే ఒక్క ప్లేటు ఇచ్చి మళ్లీ ఊరి తిరునాళ నాటకాలకే వెళ్లిపోయినవాళ్లు ఎవరో చెప్పే పుస్తకం లేదు.

78 ప్లేటును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పది అంగుళాలు. అనుకున్నదాని కన్నా బరువు. చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కను రాతిపొడితో కలిపి, వేడి మీద అచ్చొత్తి చేసింది. అందుకే చేత్తో వంచబోతే వంగదు, కిందపడితే పెంకులా పగులుతుంది. 1908 నుంచి కలకత్తాలో, తర్వాత దాని పక్కనున్న డమ్‌డమ్‌లో వీటికి ఫ్యాక్టరీ నడిచింది. నడుమ గుండ్రటి కాగితం మీద కుక్క బొమ్మ, పాడినవారి పేరు, నాటకం పేరు, కొన్నిసార్లు రాగం కూడా ఉంటాయి. కాగితం చెదలు తిన్నా బెంగపడనక్కర్లేదు. ఆ కాగితానికీ పాట గీతలకూ మధ్యనున్న నున్నటి జాగాలో, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, చిన్న అంకెలు కనిపిస్తాయి. స్టూడియోలో ఆ ముఖానికి ఇచ్చిన నంబరు అది. పేరు పోయినా ప్లేటు ఆనవాలు పట్టించేది ఆ నంబరే. మొదటి రోజుల ప్లేట్లలోనైతే పాట చివర గాయకులే తమ పేరు చెప్పుకునేవారు. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ గొంతులో ఆ ప్రకటన ఇప్పటికీ వినవచ్చు.

ఒక్కో ముఖం మీద పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఇక్కడే మన పద్యనాటకానికి ఇరకాటం వచ్చింది. తిరునాళలో కృష్ణుడి వేషగాడు పద్యం ఎత్తుకుంటే రాగం తీయడానికే అయిదు నిమిషాలు పట్టేది. జనం వన్స్‌మోర్ కొడితే మళ్లీ మొదటికి. జమ్మలమడుగుకు దగ్గరి తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవకు ఈ సాగదీత గిట్టేది కాదు. రాగం తగ్గించండి, పాత్రను చూడండి అని జీవితమంతా పోరాడారు. ఆ మహానటుడి మాట పెద్దగా వినని నటులు, స్టూడియోలో గడియారం చూపిస్తే మాత్రం నోరెత్తకుండా రాగం కోసేసుకున్నారు! ప్లేటు మీద మిగిలింది నాటకం కాదనీ దాని క్లుప్తరూపమనీ పెద్దలు పెదవి విరిస్తే కాదనలేం. కాని ఆ క్లుప్తరూపమూ లేకపోతే, నూరేళ్ల కిందటి గొంతు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఆధారమే ఉండదు.

ఈ ప్లేట్లన్నీ ఎటు పోయాయి? చాలావరకు మైకు సెట్ల వాళ్ల రేకుపెట్టెల్లో అరిగిపోయాయి. పెళ్లయినా, తిరునాళయినా, ప్రొద్దుటూరు అమ్మవారిశాల దసరా అయినా చెట్టుకు కట్టిన గొట్టంలోంచి పాట రావాల్సిందే. టూరింగ్ టాకీసులో ఘంటసాల ‘నమో వెంకటేశా’ వినపడితే ఆట మొదలవుతున్నట్టు లెక్క. సూది మార్చడానికి బద్ధకించి ఒకే సూదితో పది ప్లేట్లు ఆడిస్తే ఆ ఉక్కుమొన గీతల్ని చెక్కి పారేస్తుంది. జనం బాగా ఇష్టపడ్డ ప్లేటే ముందు పాడయ్యేది. కొందరి ఇళ్లలో అటక మీద ఎండకు వంగిపోయాయి. క్యాసెట్లు వచ్చాక పాత ఇనుముతో కలిపి తూకానికి వేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. వినే మిషను మూలపడ్డాక నల్లటి రేకును ఏం చేసుకుంటారు?

ప్రభుత్వాలు చేయని పనిని తెలుగువాళ్లలో ఒక్కమనిషి చాలావరకు చేశారు. మద్రాసులో ఉండి నలభై వేలకు పైగా రికార్డులు పోగేసిన వి.ఎ.కె. రంగారావు కేవలం దాచుకునే బాపతు కాదు. ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, ప్లేటు మీద పడ్డ పేరు సరైనదేనా అని ‘ఆలాపన’ శీర్షికలో నిలదీసి రాశారు. ఆయన కటువుదనం మీద ఫిర్యాదులు ఉండవచ్చు గాని, ఆ కటువుదనమే లేకపోతే మన సినిమా పాటల చరిత్రలో సగం పుక్కిటి పురాణంగా మిగిలేది. అయితే ఒక మనిషి ఇంటిని భాషాసమాజమంతా తన భోషాణంగా వాడుకోవడం బాగుండదు. ఆ ఒక్కరికీ దొరకనివి జిల్లాల్లోనే ఉంటాయి.

మన జిల్లాకు ఇలా ఊరూరా వెతికి రాసిపెట్టే పని కొత్తేమీ కాదు. రెండు వందల ఏళ్ల కిందట కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించారు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు అని కరణాలు చెప్పినదంతా కాగితం మీద పెట్టారు. గండికోట గురించీ పెన్న ఒడ్డు ఊళ్ల గురించీ ఇవాళ నాలుగు మాటలు చెప్పగలుగుతున్నామంటే ఆ రాతల పుణ్యమే. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. యోగి వేమన విశ్వవిద్యాలయం నీడన ఉన్న ఆ కేంద్రం, తాళపత్రాల పక్కన ఒక బీరువా ప్లేట్లకూ కేటాయించడం అసాధ్యమైన కోరిక కాదు. జిల్లాలో 1963 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉంది. శబ్దం తెలిసిన మనుషులూ ఉన్నారు. చట్టం కూడా అడ్డుపడదు. మన కాపీరైటు చట్టం ప్రకారం రికార్డు చేసిన శబ్దం మీద కంపెనీ హక్కు విడుదలైన అరవై ఏళ్లతో ముగుస్తుంది. పద్యం రాసిన కవి హక్కు మాత్రం వేరే లెక్క. దాన్ని విడిగా చూసుకోవాలి. పాత నాటకాల ప్లేట్లలో చాలావాటిని ఇవాళ కంప్యూటర్లోకి ఎక్కించి ఎవరైనా వినేలా పెట్టవచ్చు.

అంత దాకా ఆగనక్కర్లేకుండా ఇప్పుడే చేయగలిగింది జాబితా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కళాశాలల్లో తెలుగు చదివే పిల్లలకు ప్రాజెక్టు పనిగా ఇస్తే సరిపోతుంది. ప్లేటు ఎవరూ ఇవ్వనక్కర్లేదు. ఇంట్లోనే ఉంచుకోనివ్వండి. కంపెనీ పేరు, నంబరు, రెండు ముఖాల మీది పేర్లు రాసుకుని, సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే చాలు. ‘ఈ ప్లేటు తెచ్చింది ఎవరు, ఎప్పుడు వినేవాళ్లు’ అని ఇంటి పెద్దావిణ్ణి అడిగి అదీ రాస్తే మరీ మంచిది.

ఇంట్లో ఇలాంటివి ఉన్నవాళ్లకు రెండు మాటలు. పళ్లాల్లా ఒకదానిమీద ఒకటి పేర్చకండి, అడుగువి పగులుతాయి. పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. దుమ్ము పట్టి ఉంటే మెత్తటి గుడ్డతో గీతల వెంబడే గుండ్రంగా తుడవండి. స్పిరిటు మాత్రం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.