ఆప్షన్ పెట్టకముందే గేటు దాటాలి

తెలంగాణలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థి తర్వాతి మూడు, నాలుగేళ్లు ఎక్కడ గడపాలన్నది చాలా ఇళ్లలో ఒక కంప్యూటర్ తెర ముందు, ఒక్క పూటలో, కళాశాలల సంకేతాక్షరాల వరుసలో తేలిపోతుంది. ఇంజనీరింగ్‌కు ఈఏపీసెట్ ప్రవేశపరీక్ష తర్వాతి కౌన్సెలింగ్‌లోనూ, డిగ్రీకి 2016లో మొదలైన ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ ప్రవేశ విధానంలోనూ ఈ వరుసను వెబ్ ఆప్షన్లు అంటారు. విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, కోర్సులను ఇష్టానుసారం ఒకదాని కింద ఒకటి నమోదు చేస్తే, ర్యాంకునో మార్కులనో రిజర్వేషన్‌తో కలిపి చూసి కంప్యూటర్ సీటు కేటాయిస్తుంది. ఆ సీటుకు ఆన్‌లైన్‌లో సమ్మతి తెలపడం సెల్ఫ్ రిపోర్టింగ్. ధ్రువపత్రాలు పట్టుకుని స్వయంగా కళాశాలకు వెళ్లడం ఆఖరి మెట్టు. మెదక్ పట్టణంలో ఎన్నో కుటుంబాలు తమ బిడ్డ చదవబోయే కళాశాల గేటును మొట్టమొదట చూసేది ఈ ఆఖరి మెట్టు మీదే. పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇల్లూ వాకిలీ చూసి, ఇరుగుపొరుగును విచారించి, తెలిసినవారి ద్వారా మళ్లీ ఆరా తీసే సమాజం, చదువు విషయంలో మాత్రం చూపులు లేకుండానే తాంబూలాలు పుచ్చుకుంటోంది.

క్యాంపస్ అంటే లాటిన్‌లో మైదానమని అర్థం. 18వ శతాబ్దంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో కళాశాల ఆవరణకు ఆ పేరు వాడుకలోకి వచ్చి, అక్కడినుంచి లోకమంతా పాకింది. తెలుగులో ప్రాంగణమన్నా సరిపోతుంది. దరఖాస్తుకు ముందే నాలుగైదు ప్రాంగణాలు తిరిగి చూడటం అమెరికాలో స్థిరపడిన ఆచారం; ఇక్కడ అది వేళ్లూనుకోకపోవడానికి కారణం, ర్యాంకు ఎక్కడికి తోస్తే అక్కడికి పోవలసిందేనన్న నమ్మకం. ఆ నమ్మకంలో నిజం సగమే. ర్యాంకు హద్దు గీస్తుంది, కాని ఆ హద్దు లోపల పది, పదిహేను కళాశాలలు ఉంటాయి. వాటిలో ఏది పైన ఉండాలో, ఏది కింద ఉండాలో రాసేది విద్యార్థి చెయ్యే. ఆ చేతిని నడిపించవలసింది కళ్లు కాగా, ఇప్పుడు నడిపిస్తున్నది పక్కింటివారి మాట, రోడ్డు పక్క హోర్డింగు, లేదా ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నవారి సలహా.

చూడకుండా చేరడం ఎంత దూరం తీసుకుపోగలదో తెలుగు కుటుంబాలకు రెండుసార్లు గట్టిగా తెలిసివచ్చింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీపై అమెరికా అధికారులు దాడి చేసి మూయించినప్పుడు, అక్కడ చేరిన భారతీయ విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అంతకన్నా విచిత్రమైనది, ఎందుకంటే వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే మిషిగన్ రాష్ట్రంలో దాన్ని సృష్టించింది. అందులో తరగతులు లేవు, అధ్యాపకులు లేరు, అయినా దాదాపు 600 మంది చేరారు, వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వీసా నిలుపుకోవడానికి తెలిసే చేరారని అక్కడి ప్రభుత్వం అంటే, మోసపోయామని విద్యార్థులు అన్నారు. సముద్రాలు దాటవలసిన చోట చూసి చేరడం కష్టమే, కాని మెదక్ నుంచి నర్సాపూర్‌కు వెళ్లడానికి దాటవలసిన సముద్రమేదీ లేదు.

2016 అక్టోబరు 11న మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయిన పూర్వపు మెదక్ జిల్లాలో చూడదగిన ప్రాంగణాలకు కొదవ లేదు. నర్సాపూర్‌లో 1997లో ప్రారంభమైన బి.వి.రాజు ఇంజనీరింగ్ కళాశాల, పుల్కల్ దగ్గర సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కళాశాల, ములుగులో అటవీ కళాశాల ఉన్నాయి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా మొదలై తర్వాత కందికి మారిన హైదరాబాద్ ఐఐటీ కూడా ఈ పాత జిల్లా నేల మీదిదే. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఛార్జీ లేదు. ఆధార్ కార్డు, ఒక రోజు సమయం ఉంటే చాలు.

ఆ రోజు ఏదన్నదే ముఖ్యం. కళాశాల తానే పిలిచిన రోజు, వార్షికోత్సవం రోజు, ప్రవేశాల కాలంలో స్వాగత తోరణం కట్టిన రోజు చూడవలసినవి కావు, ఎందుకంటే ఆ రోజుల్లో కనిపించేది కళాశాల కాదు, దాని అలంకారం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని చూసినవారికి ఈ మాట తేలిగ్గా బోధపడుతుంది: వెలుపలి నుంచి మసకగా, నల్లగా కనిపించే రంగు అద్దాల కిటికీలు, పగటి వెలుగులో లోపలికి వెళ్లి నిలబడినప్పుడే బొమ్మలై పలుకుతాయి, పొద్దుగూకాక వచ్చినవారికి అవి ఒట్టి గాజు పలకలే. కళాశాలను కూడా పనివేళల్లో, లోపలికి వెళ్లి, మామూలు రోజున చూడాలి. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోయాక, ఎంట్రన్స్ చదువు మధ్యలో ఒక్క రోజు తీసుకుంటే, ఆ వేళకు ఇంజనీరింగ్ కళాశాలల్లో తరగతులు సాధారణంగా సాగుతూనే ఉంటాయి. ఆప్షన్ల తేదీ వచ్చేదాకా ఆగితే మాత్రం ఖాళీ గదులే కనిపించవచ్చు.

ముందు రోజు ఫోన్ చేసి అనుమతి అడగడం మర్యాద. లోపలికి వెళ్లాక భవనాల ఎత్తు కన్నా ప్రయోగశాల మీద చూపు ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే చదువు అక్కడ దాగదు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో స్టాండుకు బిగించిన బ్యూరెట్ కింది కుళాయిని మెల్లగా తిప్పి చూస్తే, అది సులువుగా తిరిగితే నిన్నో మొన్నో ఎవరో దానితో పని చేశారని, తెల్లటి పొరగట్టి బిగుసుకుపోతే ఆ సెమిస్టర్ ప్రయోగాలు రికార్డు పుస్తకంలోనే జరిగాయని అర్థం. సీసాల మీద ద్రావణం తయారుచేసిన తేదీ రాసి ఉందా, సింకులో నీళ్లు వస్తున్నాయా, కంప్యూటర్ ల్యాబ్‌లో ఎన్ని తెరలు వెలుగుతున్నాయి, వాటిలో ఎన్నింటి ముందు పిల్లలు కూర్చున్నారు అన్నవి ఏ కరపత్రమూ చెప్పని సంగతులు. గ్రంథాలయంలో పుస్తకాల సంఖ్య అడగడం కన్నా, ఏదో ఒక పాఠ్యగ్రంథం తీసి వెనుక అట్టకు అంటించిన తేదీల కాగితం చూడటం మేలు. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందా, కుళాయిలో నీళ్లున్నాయా అన్నది తల్లులు సిగ్గుపడకుండా చూడవలసిన విషయం. అవి లేనందువల్ల రోజుకు ఏడెనిమిది గంటలు నీళ్లు తాగకుండా కూర్చునే అమ్మాయికి పాఠం తలకెక్కదు. వైద్య విద్య కోరేవారికి ఆసుపత్రే అసలు ప్రాంగణం. మెదక్‌లో 2024లో 50 సీట్లతో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలైనా, మరేదైనా, ఉదయం పూట ఓపీ వరుసలో ఎందరు రోగులున్నారో చూస్తే విద్యార్థి ఏ మేరకు నేర్చుకోగలడో అంచనా దొరుకుతుంది.

కాగితాల విషయంలో రెండు మూడు మాటలు చాలు. నాణ్యతకు సంబంధించి నాక్ గుర్తింపు మొత్తం సంస్థకు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు ఇస్తారు కనుక, కంప్యూటర్ సైన్స్‌కు ఉన్న ఎన్‌బీఏ సివిల్‌కు కూడా ఉందనుకోకూడదు. ఇంజనీరింగ్‌లో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన. అధ్యాపకుల జాబితాలో పేర్లున్నవారు తరగతిలో ఉన్నారా అన్నది వరండాలో నడిస్తేనే తెలుస్తుంది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టంగా ప్రకటించింది. ఆ సంగతి అడిగినప్పుడు కార్యాలయం ఇచ్చే జవాబు, జవాబిచ్చే తీరు, రెండూ గుర్తుపెట్టుకోదగినవి.

అయితే అన్నిటికన్నా నిజం చెప్పేవారు రెండో సంవత్సరం విద్యార్థులు. మొదటి ఏడాదివారికి ఇంకా కొత్త పోలేదు, చివరి ఏడాదివారి మనసు ఉద్యోగాల మీద ఉంటుంది. రెండో ఏడాదివారికి కళాశాల లోపలా బయటా తెలుసు, ఇంకా ఏడాదో రెండేళ్లో అక్కడే ఉండాలన్న పట్టింపూ ఉంటుంది. క్యాంటీన్ దగ్గర వారిని అడగవలసింది కళాశాల బాగుందా అని కాదు, ఎందుకంటే దానికి బాగుందన్న మాటే వస్తుంది. నిన్న ఎన్ని పీరియడ్లు జరిగాయి, ఏ సబ్జెక్టుకు ఇంకా సార్ రాలేదు, హాస్టల్‌లో రాత్రి ఏం వండారు, ర్యాగింగ్ జరిగితే ఎవరికి చెబుతారు అని అడిగితే మాట దానంతటదే సాగుతుంది. ఈ ప్రశ్నలు అడగవలసింది విద్యార్థి స్వయంగా. తండ్రి పక్కన నిలబడితే వాళ్లు నోరు విప్పరు, కనుక పెద్దలు ఆ పావుగంట చెట్టు కింద కూర్చోవడమే వారు చేయగల సాయం. ఈ ఒక్క విషయంలో మెదక్ తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లల తండ్రులు, మనసు కాస్త పెద్దది చేసుకోవాలి.

సొంతంగా వెళ్లలేని పిల్లల సంగతి జూనియర్ కళాశాలలు చూసుకోవాలి. చదువుకున్న పెద్దలెవరూ లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఏ గేటు దగ్గర ఏం అడగాలో చెప్పేవారుండరు. మొదటి సంవత్సరంలోనే ఒక పనిదినాన బస్సు మాట్లాడి, సుల్తాన్‌పూర్‌కో కందికో తీసుకెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఆ బస్సులోనే ఒక్కో పేజీ రాయించడం ఏ అధ్యాపకుడి శక్తికీ మించిన పని కాదు. ఇంటి నుంచి రోజూ తిరిగి చదవాలనుకునేవారు మాత్రం కళాశాల చూడటానికి మామూలు బస్సులోనే వెళ్లి గడియారం చూసుకోవాలి: నర్సాపూర్ నుంచి మెదక్‌కు సాయంత్రం బస్సు ఎన్నింటికి దొరికింది, కూర్చోవడానికి సీటు ఉందా, ఇల్లు చేరేసరికి పుస్తకం తెరిచే ఓపిక మిగిలిందా, అన్నవి కూడా అలాంటి పేజీలోనే చేరాలి.